ఎంహెచ్370: కోర్టు దావాలు, బయటికి రాని ఆధారాలు – తరచుగా అడిగే ప్రశ్నలు

2014 మార్చి 8న కౌలాలంపూర్ నుంచి బీజింగ్ బయలుదేరిన మలేషియా ఎయిర్‌లైన్స్ బోయింగ్ 777లో 227 మంది ప్రయాణికులు, 12 మంది సిబ్బంది ఉన్నారు. విమానం ప్రధాన భాగం గానీ, బ్లాక్ బాక్సులు గానీ ఇప్పటివరకు దొరకలేదు. ఇలా విమానం మాయమైనప్పుడు కుటుంబాలు కోర్టులో ఏం చేయగలవు, ఏ కాగితం ఎవరి దగ్గర ఉంటుంది, దాన్ని రాబట్టడం ఎందుకంత కష్టం అన్నవి పదే పదే వచ్చే ప్రశ్నలు. జవాబులు ఎక్కువగా ఎంహెచ్370 అనుభవం మీద, అవసరమైన చోట పాత కేసుల మీద ఆధారపడి ఉన్నాయి.

విమానమే దొరకలేదు కదా, కేసు నిలబడుతుందా?

నిలబడుతుంది. అంతర్జాతీయ ప్రయాణాలకు వర్తించే 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం 17వ అధికరణం ప్రకారం, విమానంలో జరిగిన ప్రమాదం వల్ల ప్రయాణికుడు మరణిస్తే విమానయాన సంస్థదే బాధ్యత. శిథిలాలు చూపించాలన్న షరతు అందులో లేదు. ప్రమాద దర్యాప్తు నియమాలున్న, అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ (ఐకావో) 13వ అనుబంధం కూడా ఆచూకీ లేకుండా పోయిన విమానాన్ని ‘ప్రమాదం’ నిర్వచనంలోనే కలిపింది. ఎంహెచ్370 విషయంలో మలేషియా పౌర విమానయాన శాఖ 2015 జనవరి 29న దీన్ని ప్రమాదంగా, అందులో ఉన్నవారంతా మరణించినట్టుగా అధికారికంగా ప్రకటించింది. ఆ ప్రకటన చాలా కుటుంబాలకు మింగుడుపడలేదు. కానీ దావాలకు చట్టపరమైన పునాది పడింది దానితోనే.

దావా వేయడానికి గడువు ఎంత?

రెండేళ్లు. 35వ అధికరణం ప్రకారం, విమానం గమ్యం చేరాల్సిన రోజు నుంచి లెక్క మొదలవుతుంది. ఎంహెచ్370కి అది 2016 మార్చి 8తో అయిపోయింది. ఇది మామూలు కాలపరిమితి లాంటిది కాదు. గడువు దాటితే హక్కే రద్దవుతుంది. ‘సంస్థతో చర్చలు నడుస్తున్నాయి’, ‘దర్యాప్తు నివేదిక రాలేదు’, ‘గాలింపు ఇంకా సాగుతోంది’ అన్నవి కారణాలుగా చూపిస్తే చాలా దేశాల కోర్టులు ఒప్పుకోవు.

ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే. ఆధారాలు చేతికొచ్చాక కేసు వేద్దామనుకుంటారు. ఎయిర్ ఫ్రాన్స్ 447 సంగతి చూడండి. 2009 జూన్ 1న అట్లాంటిక్‌లో కూలింది. సుమారు 3,900 మీటర్ల లోతు నుంచి దాని రికార్డర్లు పైకి వచ్చింది 2011 మే మొదటి వారంలో. అప్పటికి గడువు నెల రోజులు కూడా మిగల్లేదు. ఎంహెచ్370 తుది నివేదిక వచ్చింది 2018 జులై 30న, గడువు ముగిసిన రెండేళ్ల పైన. ముందు దావా వేసి, కారణాలను ‘తెలిసినంతవరకు’ అని రాసి, తర్వాత సవరణ కోరడమే దారి.

ప్రభుత్వ శాఖల మీద వేసే దావాకు గడువు వేరు. మలేషియాలో పబ్లిక్ అథారిటీస్ ప్రొటెక్షన్ చట్టం కింద అది 36 నెలలు. రెండింటినీ కలగలిపి ‘మూడేళ్లుంది’ అనుకుంటే విమాన సంస్థ మీద కేసు చేజారుతుంది.

ఏ దేశంలో వేయాలి?

33వ అధికరణం ఐదు చోట్లు ఇస్తుంది: విమాన సంస్థ నమోదైన దేశం, దాని ప్రధాన కార్యాలయం ఉన్న దేశం, టికెట్ కొన్న దాని కార్యాలయం ఉన్న దేశం, గమ్యస్థానం, ప్రయాణికుడి శాశ్వత నివాసం. చివరిదానికి ఆ దేశానికి సంస్థ సర్వీసులు, అక్కడ దాని కార్యకలాపాలు ఉండాలి. గమ్యం అంటే టికెట్‌లోని చివరి ఊరు. రానుపోను టికెట్ అయితే బయలుదేరిన ఊరే గమ్యం. కౌలాలంపూర్ నుంచి బీజింగ్ వెళ్లి తిరిగి రావాల్సిన వారికి గమ్యం కౌలాలంపూర్. బీజింగ్ నుంచి వచ్చి ఇంటికి తిరిగి వెళ్తున్న వారికి బీజింగ్. ఒకే వరుసలో కూర్చున్న ఇద్దరికి రెండు వేర్వేరు కోర్టులు కావచ్చు. అందుకే టికెట్ కాపీ మొదటి ఆధారం.

అమెరికాలో వేస్తే పరిహారం ఎక్కువ వస్తుందన్న ఆశ సహజం. ఎంహెచ్370 కేసులన్నీ అక్కడ వాషింగ్టన్ డీసీ ఫెడరల్ కోర్టుకు చేరాయి. న్యాయమూర్తి కెతాంజీ బ్రౌన్ జాక్సన్ 2018 నవంబరులో వాటిని కొట్టేశారు. సాక్షులు, పత్రాలు, ప్రజా ప్రయోజనం అన్నీ మలేషియాతో ముడిపడి ఉన్నాయి కాబట్టి విచారణకు తగిన చోటు అదేనన్నారు. 2020 జనవరిలో అప్పీలు కోర్టు ఆ తీర్పును సమర్థించింది. అంటే విమానం మాయమైన ఆరేళ్లకు ‘ఇక్కడ కాదు’ అన్న జవాబు వచ్చింది. అమెరికాలో వేసినా, మలేషియాలో లేదా గమ్యదేశంలో కూడా గడువులోపు రక్షణ దావా వేసి ఉంచడం ఇందుకే.

పరిహారం ఎంత వస్తుంది?

రెండు అంచెలు. మొదటి అంచెలో తప్పెవరిదన్న ప్రశ్నే లేదు. ఎంహెచ్370 నాటికి ఆ మొత్తం ఒక్కో ప్రయాణికుడికి 1,13,100 ఎస్‌డీఆర్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి లెక్కల యూనిట్), అప్పటి మారకంలో దాదాపు 1,75,000 డాలర్లు. 2024 డిసెంబరు 28 నుంచి జరిగే ప్రయాణాలకు అది 1,51,880 ఎస్‌డీఆర్. ఈ మొత్తం వరకు కూడా నష్టం ఎంతో చూపించాలి; అడగ్గానే పూర్తిగా చేతిలో పెట్టే సొమ్ము కాదు. ఆ పైన పరిమితి లేదు. శిక్షగా వేసే అదనపు పరిహారాన్ని మాత్రం 29వ అధికరణం నిషేధిస్తుంది.

జీతం స్లిప్పులు, పన్ను రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆధారపడ్డవారి వయసు పత్రాలు, పిల్లల చదువు ఖర్చుల రసీదులు – ఈ కట్ట ఎంత మందంగా ఉంటే రెండో అంచె అంత బలం. విమానం రహస్యం కంటే ఈ రసీదులే అంకెను నిర్ణయిస్తాయి.

కారణం తెలియదు కదా, తప్పు రుజువు చేసేది ఎలా?

మొత్తం వ్యవహారంలో ఎక్కువ మంది తలకిందులుగా అర్థం చేసుకునేది ఇదే. విమాన సంస్థ మీద కేసులో తప్పు రుజువు చేయాల్సింది మీరు కాదు. 21వ అధికరణం ప్రకారం మొదటి అంచె దాటాక బాధ్యత తప్పించుకోవాలంటే, తన నిర్లక్ష్యం లేదనో, నష్టం పూర్తిగా మూడో వ్యక్తి వల్లే జరిగిందనో సంస్థే నిరూపించాలి. విమానమే లేనప్పుడు అది ఎలా నిరూపిస్తుంది? తుది నివేదిక విమానం దిశ మారింది చేతితో నడపడం వల్లేనని, మూడో వ్యక్తి జోక్యాన్ని కొట్టిపారేయలేమని చెప్పింది. ‘కొట్టిపారేయలేం’ అంటే రుజువైనట్టు కాదు. ఆధారం లేకపోవడం ఇక్కడ సంస్థకే నష్టం.

విమాన తయారీదారు మీద కేసు దీనికి పూర్తిగా వ్యతిరేకం. దానికి మాంట్రియల్ ఒప్పందం వర్తించదు. ఫలానా భాగంలో ఫలానా లోపం, దానివల్లే మరణం అని వాదే చూపించాలి. శిథిలాలు లేకుండా అది దాదాపు అసాధ్యం. ఒకే ఖాళీ ఒకరి మీద ఆయుధం, మరొకరికి డాలు. ఎవరి మీద ఎంత ఖర్చు పెట్టాలో నిర్ణయించుకునేటప్పుడు దీన్ని గుర్తుంచుకోండి.

ప్రతివాదులుగా ఎవరిని చేర్చాలి?

2014 అక్టోబరులో మలేషియాలో వేసిన తొలి దావా మంచి నమూనా. అందులో విమాన సంస్థతో పాటు పౌర విమానయాన శాఖ, ఇమ్మిగ్రేషన్ శాఖ, వైమానిక దళం, ప్రభుత్వం ఉన్నాయి. ఇమ్మిగ్రేషన్ ఎందుకంటే, ఇద్దరు దొంగిలించిన పాస్‌పోర్టులతో విమానం ఎక్కారు. వైమానిక దళం ఎందుకంటే, దాని రాడార్ తెల్లవారుజామున 2:22 వరకు విమానాన్ని చూసింది. ఆ దావా 2015 జూన్‌లో కోర్టు బయట పరిష్కారమైంది.

సంస్థ పేరు రాసేటప్పుడు జాగ్రత్త. మలేషియా 2015లో ప్రత్యేక చట్టం చేసి, ఎయిర్‌లైన్స్ వ్యాపారాన్ని పాత కంపెనీ నుంచి కొత్త కంపెనీకి మార్చింది. పాత కంపెనీ పేరు మాత్రమే రాస్తే, గెలిచాక వసూలు చేసుకోవడానికి ఖాళీ డబ్బా మిగలొచ్చు. రెండింటినీ చేర్చి, బీమా సంస్థ వివరాలు కూడా అడగాలి.

అడ్వాన్సు సొమ్ము తీసుకుంటే హక్కు పోతుందా?

పోదు. 28వ అధికరణం ప్రకారం ముందస్తు చెల్లింపు తప్పు ఒప్పుకోలు కాదు. తుది పరిహారంలో మినహాయించుకోవచ్చు, అంతే. ఎంహెచ్370 కుటుంబాలకు 50,000 డాలర్లు ఇవ్వజూపారు. ఇబ్బంది సొమ్ముతో కాదు, దానితో వచ్చే కాగితంతో. ‘అన్ని క్లెయిముల పూర్తి పరిష్కారం’ అని గానీ, సంస్థతో పాటు తయారీదారుకు, విడిభాగాల కంపెనీలకు, ప్రభుత్వ శాఖలకు కూడా విముక్తి అని గానీ ఉంటే అది అడ్వాన్సు రసీదు కాదు, కేసుకు మంగళం. ‘తుది పరిహారంలో సర్దుబాటుకు లోబడి అందుకున్నాను’ అన్న వాక్యం చాలు. అంతకు మించి ఒక్క పేరా ఉన్నా సంతకం ఆపి లాయరుకు చూపించండి.

దర్యాప్తు నివేదిక ఉంది కదా, కోర్టుకు అదే ఇస్తే సరిపోదా?

సరిపోదు. 13వ అనుబంధం కింద దర్యాప్తు ఏకైక లక్ష్యం మళ్లీ అలాంటిది జరగకుండా చూడటం; తప్పెవరిదో తేల్చడం కాదు. అమెరికా చట్టమైతే తమ రవాణా భద్రతా బోర్డు నివేదికను నష్టపరిహార దావాలో సాక్ష్యంగా వాడనివ్వదు. 1997 సిల్క్ ఎయిర్ 185 ప్రమాదంలో ఆ బోర్డు అభిప్రాయం పైలట్ చర్యల వైపు చూపింది. 2004లో లాస్ ఏంజెలెస్ జ్యూరీ మాత్రం తోక భాగంలోని చుక్కాని కంట్రోల్ యూనిట్ తయారీదారునే తప్పుపట్టింది.

అయినా నివేదికను అటక మీద పెట్టకండి. ఏ రికార్డు ఉందో, ఎవరి దగ్గర ఉందో చెప్పే సూచిక అది. 2015 మార్చి 8న వచ్చిన మధ్యంతర నివేదికలో ఒక చిన్న సంగతి ఉంది: ఫ్లైట్ డేటా రికార్డర్ మీది నీటి అడుగు సంకేత పరికరం బ్యాటరీ గడువు 2012 డిసెంబరులోనే ముగిసింది. అంటే గడువు తీరిన బ్యాటరీతో విమానం ఏడాదికి పైగా ఎగిరింది. మార్చాల్సిన తేదీ నమోదైన మెయింటెనెన్స్ రికార్డు సంస్థ దగ్గర ఉండాలి. నివేదికలోని ఒక వాక్యాన్ని పట్టుకుని దాని వెనకున్న అసలు రికార్డును అడగడం – నివేదికను వాడే పద్ధతి ఇదే.

ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ సంగతీ అంతే. వియత్నాంలోని హో చి మిన్ కంట్రోల్ కేంద్రం ‘విమానం ఏదీ’ అని అడిగింది 1:39కి. రాడార్ తెర మీంచి మాయమైంది 1:21కి. కౌలాలంపూర్ రెస్క్యూ కేంద్రం కదిలింది 5:30కి. ఈ అంతరాలన్నీ తుది నివేదికలోనే ఉన్నాయి. అది వచ్చిన మర్నాడే పౌర విమానయాన అధిపతి రాజీనామా చేశారు.

‘ఆధారాలు దాచారు’ అనే ఆరోపణలో నిజమెంత?

ఒకే మాట కింద మూడు వేర్వేరు సంగతులు చెబుతుంటారు. విడదీయకపోతే కోర్టులో పని జరగదు.

ఒకటి, ఆలస్యంగా లేదా తప్పుగా చెప్పినవి. కాక్‌పిట్ నుంచి చివరి మాట ‘ఆల్ రైట్, గుడ్ నైట్’ అని మొదట చెప్పారు. మార్చి 31న సవరించి, 1:19కి వినిపించింది ‘గుడ్ నైట్ మలేషియన్ త్రీ సెవెన్ జీరో’ అన్నారు. కార్గోలో లిథియం అయాన్ బ్యాటరీల సంగతి తర్వాత ఒప్పుకున్నారు: 2,453 కిలోల సరుకులో 221 కిలోలు అవే. మాంగోస్టీన్ పండ్లు 4,566 కిలోలు. మాట మారడం కుట్రకు రుజువు కాదు; కానీ క్రాస్ ఎగ్జామినేషన్‌కు మంచి ముడిసరుకు.

రెండు, సారాంశం ఇచ్చి అసలు ఇవ్వనివి. శాటిలైట్ సంస్థ ఇన్‌మార్‌శాట్ సంకేతాల నుంచి విమానం దక్షిణ హిందూ మహాసముద్రంలో ముగిసిందని 2014 మార్చి 24న ప్రకటించారు. లెక్కలకు ఆధారమైన లాగ్‌లో 47 పేజీలు మే 27న బయటికొచ్చాయి. సారాంశంలో పటం మీద ఒక వంపు గీత మాత్రమే కనిపిస్తుంది. లాగ్‌లోని ఒక్కో వరుసలో సమయం, ఛానల్, సందేశ రకం, మైక్రోసెకన్లలో ఆలస్యం, హెర్ట్జ్‌లలో ఫ్రీక్వెన్సీ తేడా ఉంటాయి. ఉదయం 8:19కి చెందిన చివరి వరుసలను చూసిన తర్వాతే నిపుణులు విమానం వేగంగా కిందికి దిగుతోందని లెక్కగట్టారు. బయటి ఇంజినీర్లు లెక్కను మళ్లీ చేయగలిగింది వరుసలు చేతికొచ్చాకే. సైనిక రాడార్ విషయంలో ఆ మేలు జరగలేదు. నివేదికలో వివరణ ఉంది గానీ పూర్తి ముడి డేటాను ప్రజల ముందు పెట్టలేదు.

మూడు, న్యాయ ప్రక్రియలో చిక్కుకున్నవి. 2015 జులై 29న రీయూనియన్ దీవిలో దొరికిన రెక్క భాగం ఫ్లాపెరాన్‌ను ఫ్రాన్స్ న్యాయాధికారులు స్వాధీనం చేసుకున్నారు. నలుగురు ఫ్రెంచి పౌరులు విమానంలో ఉన్నందున అక్కడ నేర విచారణ నడుస్తోంది. దాన్ని దాచారనడం సరికాదు. అది నేర విచారణ ఆధారం, తాళం వేరే న్యాయమూర్తి చేతిలో ఉంది. కెప్టెన్ ఇంట్లోని ఫ్లైట్ సిమ్యులేటర్‌లో దక్షిణ హిందూ మహాసముద్రం వైపు బిందువులు ఉన్న సంగతి పోలీసు ఫైలులో ఉండిపోయి, 2016లో పత్రికల్లోకి వచ్చాకే అధికారులు ధ్రువీకరించారు. అది ఉద్దేశానికి రుజువు కాదు. అయితే అలాంటి ఫైలు ఉందని తెలియడమే రెండేళ్లు ఆలస్యమైంది.

ఆధారాలు కోరే నోటీసులో ఏం రాయాలి, ఎప్పుడు పంపాలి?

మొదటి వారంలోనే. ఐకావో 11వ అనుబంధం ప్రకారం ఎయిర్ ట్రాఫిక్ రికార్డింగులను కనీసం 30 రోజులు ఉంచాలి. ప్రమాదానికి సంబంధించినవైతే అవసరం తీరేదాకా. ఆ రెండో వాక్యం వర్తించేలా చూడటానికే నోటీసు. విమానాశ్రయ సీసీటీవీ లాంటివి ఇంకా త్వరగా చెరిగిపోవచ్చు.

‘ఈ విమానానికి సంబంధించిన అన్ని పత్రాలు’ అని రాస్తే ‘అస్పష్టం, మితిమీరినది’ అని తోసిపుచ్చుతారు. వస్తువు పేరు, కాలవ్యవధి, ఫార్మాట్ మూడూ ఉండాలి. ఉదాహరణకు ఇలా: ‘9ఎం-ఎంఆర్‌ఓ విమానం శాటిలైట్ టెర్మినల్ లాగ్‌లు, మార్చి 7 మధ్యాహ్నం నుంచి మార్చి 8 మధ్యాహ్నం వరకు, ఫిల్టర్ చేయని అసలు ఫైలు రూపంలో, వరుస సంఖ్యలతో.’ వరుస సంఖ్యలు ఎందుకంటే, మధ్యలో ఏ వరుస తీసేసినా అంకె తెగుతుంది. ప్రింటు లేదా పీడీఎఫ్ ఇస్తే ఆ తెగిన చోటు కనపడదు.

విడివిడిగా అడగాల్సినవి: ఏకార్స్ సందేశాలు (విమానానికీ నేలకూ మధ్య నడిచే డేటా సందేశాలు), టెక్నికల్ లాగ్ చివరి పేజీలు, లోడ్ షీట్, ఇంధన రసీదు (బయలుదేరేటప్పుడు సుమారు 49.1 టన్నులు), కార్గో మానిఫెస్టుతో పాటు ఎయిర్‌వే బిల్లులు, ప్యాకింగ్ ధ్రువపత్రాలు, కంట్రోలర్ల డ్యూటీ రోస్టర్, కేంద్రాల మధ్య హాట్‌లైన్ రికార్డింగులు, విమాన సంస్థ ఆపరేషన్స్ గది ఫోన్లు. చివరి రెండింటిని మర్చిపోతుంటారు. విమానం కంబోడియా గగనతలంలో ఉందన్న తప్పుడు సమాచారం ఆ రాత్రి నడిచింది ఆ లైన్ల మీదే.

పత్రం అమెరికా కంపెనీ దగ్గర ఉంటే, విదేశీ కోర్టులో కేసు నడుస్తున్నవారు కూడా అమెరికా చట్టంలోని 1782 సెక్షన్ కింద అక్కడి కోర్టును అడగవచ్చు. దావా కంటే ముందే ఆధారాలు కావాలని 2014 మార్చిలో చికాగోలో వేసిన పిటిషన్‌ను మాత్రం కోర్టు వెంటనే కొట్టేసింది. తొందరపాటుకీ తొందరకీ తేడా ఉంది.

ప్రభుత్వం ‘అధికార రహస్యం’ అంటే ఇక దారి లేదా?

మలేషియాలో 1972 నాటి అధికార రహస్యాల చట్టం ఉంది. సైనిక రాడార్ లాంటి వాటికి ఇలాంటి రక్షణే చూపుతారు. ఎదురుదాడి కంటే చిన్న మెట్లు నయం: రాడార్ సామర్థ్యం వివరాలు చెరిపేసి సమయం, స్థానం మాత్రం ఇవ్వమనడం, న్యాయమూర్తి ఒక్కరే చూసి నిర్ణయించమనడం, పత్రాల జాబితా, తేదీలైనా ఇవ్వమనడం. జాబితా వస్తే సగం గెలిచినట్టే, ఏది లేదో అప్పుడు తెలుస్తుంది. కాక్‌పిట్ రికార్డింగు, సాక్షుల వాంగ్మూలాలకు 13వ అనుబంధం వేరే రక్షణ ఇస్తుంది, కానీ అది సంపూర్ణం కాదు: వెల్లడించడం వల్ల మేలే ఎక్కువని తగిన అధికారి తేలిస్తే ఇవ్వవచ్చు.

దాచిన ఆధారం ఎప్పుడైనా బయటపడిందా?

కొరియన్ ఎయిర్ 007. 1983 సెప్టెంబరు 1న సోవియట్ యుద్ధ విమానం కూల్చింది, 269 మంది చనిపోయారు. సోవియట్ యూనియన్ బ్లాక్ బాక్సులను గుట్టుగా వెలికితీసి, దొరకలేదన్నట్టు ఉండిపోయింది. 1992లో రష్యా అధ్యక్షుడు యెల్ట్సిన్ వాటిని దక్షిణ కొరియాకు అప్పగిస్తే పెట్టెలు వచ్చాయి గానీ లోపల టేపులు లేవు. టేపులు ఐకావోకు చేరింది 1993 జనవరిలో. అప్పటికి అమెరికాలో 1989లోనే జ్యూరీ తీర్పు చెప్పింది, శిక్షగా వేసిన 5 కోట్ల డాలర్లను 1991లో అప్పీలు కోర్టు రద్దు కూడా చేసింది.

అదే కేసులో టికెట్ మీద అక్షరాల సైజు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. బాధ్యత పరిమితి హెచ్చరిక 10 పాయింట్లలో ఉండాల్సింది 8 పాయింట్లలో అచ్చయింది. అయినా 75,000 డాలర్ల పరిమితి వర్తిస్తుందని 1989లో కోర్టు తేల్చింది. రెండు పాయింట్ల తేడా మీద అంత పోరు!

ఒడ్డున విమాన ముక్క దొరికితే ఏం చేయాలి?

కడగొద్దు, గీకొద్దు. అంటుకున్న గవ్వ పురుగులే అది ఎంతకాలం ఎక్కడ తేలిందో చెప్పే సాక్షులు. కదిపే ముందు పక్కన కొలతకు స్కేలు పెట్టి ఫోటో, లొకేషన్, సమయం. లోపలి వైపు పార్టు నంబరు, చేతిరాత అంకెలు ఉంటాయి, వాటిని దగ్గరగా తీయండి. ఎవరికి అప్పగించినా సంతకం ఉన్న రసీదు తీసుకోండి. చేతులు మారిన క్రమం రాసి లేకపోతే ముక్క అసలైనదైనా కోర్టులో బలహీనపడుతుంది.

కేసులు ఇప్పుడు ఏ దశలో ఉన్నాయి?

బీజింగ్ చావోయాంగ్ జిల్లా కోర్టులో విచారణలు 2023 నవంబరు 27న మొదలయ్యాయి. 2025 డిసెంబరులో ఎనిమిది కేసుల్లో ఒక్కో ప్రయాణికుడికి 29 లక్షల యువాన్లకు పైగా చెల్లించాలని సంస్థను ఆదేశించింది. ఇవి చట్టపరంగా మృతులుగా ప్రకటించినవారి కేసులు. అలా ప్రకటించడానికి మనసొప్పని కుటుంబాలు ఉన్నాయి, వారిని తప్పుపట్టలేం; కానీ ఆ ప్రకటన లేకపోతే మరణ పరిహారం లెక్క ముందుకు కదలదు. చాలా కుటుంబాలు మధ్యలో రాజీపడి దావా వెనక్కి తీసుకున్నాయి.

రేపు విమానం దొరికితే?

సముద్రగర్భాన్ని గాలించే ఓషన్ ఇన్ఫినిటీ కంపెనీతో మలేషియా 2025 మార్చిలో ఖరారు చేసిన ఒప్పందం 15,000 చదరపు కిలోమీటర్ల గాలింపుకు. దొరికితేనే 7 కోట్ల డాలర్లు. కొత్త ముఖ్య ఆధారం దొరికితే దర్యాప్తును తిరిగి తెరవాలని 13వ అనుబంధం చెబుతోంది. దావాల సంగతి వేరు. సెటిల్‌మెంట్ మీద సంతకం చేసినవారికి మామూలుగా తలుపు మూసుకుపోయినట్టే. విముక్తి జాబితాలో ఎవరి పేరు లేదో వారి మీద మాత్రం వాదన మిగలొచ్చు. పెండింగ్ కేసుల వారు మొదటి రోజే కోర్టును అడగాల్సింది ఒకటే: రికార్డర్లు నీళ్లలోంచి తీసేటప్పుడు, ల్యాబులో తెరిచేటప్పుడు తమ తరఫు నిపుణుడు పక్కన ఉండటానికి అనుమతి. ఇన్నేళ్లు ఉప్పునీటిలో ఉన్న మెమరీ చిప్‌ను తెరిచేది ఒక్కసారే.